కారు అద్దంలోంచి కనబడినంత అడవి

ఉత్తర కాలిఫోర్నియాలో లెగ్గెట్ అనే చిన్న ఊరి పక్కన ఒక రెడ్‌వుడ్ చెట్టు ఉంది. షాండెలియర్ ట్రీ అంటారు. దాని మొదట్లో ఈ పక్కనుంచి ఆ పక్కకి తొలిచిన దారి ఉంది. 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు. టికెట్ తీసుకుంటే కారు దిగకుండానే చెట్టులోంచి దూరి అవతలకి వెళ్ళొచ్చు. కాసేపు పక్కన నిలబడి చూస్తే భలే తమాషాగా ఉంటుంది. చెట్టు ముందుకి రాగానే ప్రతి కారూ ఆగుతుంది. రెండు పక్కల అద్దాలూ లోపలికి ముడుచుకుంటాయి. కారు దిగినవాళ్ళెవరో ఎదురుగా నిలబడి "ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, రానీ రానీ" అని చేతులూపుతుంటారు, మన దగ్గర లారీని రివర్స్ చేయించే క్లీనర్‌లాగా. వెనక సీట్లో పిల్లలు కిటికీలోంచి చెయ్యి చాపి బెరడు తడుముతారు. పెద్ద బండ్లవాళ్ళు మాత్రం కొలతలు చూసుకుని, ఈ టెన్షనంతా ఎందుకని పక్కకి తీసి, చెట్టు ముందు ఒక ఫొటోతో సరిపెట్టుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ కంత తొలిచింది 1937లో. అప్పటి కార్ల కొలతకి తొలిచారు.

వందల ఏళ్ళ వయసున్న, ఇంకా బతికున్న చెట్టుకి కారు కోసం బొక్క పెట్టడమేంటని ఇప్పుడు మనకి ఒళ్ళు మండుతుంది. కానీ అదే రోడ్డు మీద మరికొన్ని మైళ్ళు ఉత్తరానికి పోతే, దాదాపు అదే రోజుల్లో లక్షల డాలర్లు పోసి కొని కాపాడిన చెట్లు వేలకి వేలు నిలబడి ఉన్నాయి. చెట్టుకి కంత పెట్టించిందీ కారే, పక్క అడవిని బతికించిందీ కారే. ఈ రెండూ ఒకే రోడ్డు మీద ఎలా జరిగాయో తెలియాలంటే ముందు రెడ్‌వుడ్ అనే పేరు దగ్గరున్న తికమక తీర్చుకోవాలి.

రెండు చెట్లు, రెండు తలరాతలు

రెడ్‌వుడ్ అనగానే మనవాళ్ళలో చాలామందికి శేషాచలం కొండల ఎర్రచందనం గుర్తొస్తుంది. దానికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన ఓ మోస్తరు చెట్టు. రెడ్‌వుడ్ పైన్, దేవదారు తరహాలో కాయలకి బదులు శంకువులు కాసే మహావృక్షం. ప్రపంచంలో ఇప్పుడున్న చెట్లన్నిటిలోకీ ఎత్తయిన హైపీరియన్ ఈ జాతిదే. దాని ఎత్తు సుమారు 116 మీటర్లు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టినా దాని కొన అందదు.

అక్కడివాళ్ళలోనూ ఇంకో తికమక ఉంది. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ అనిపించుకునే చెట్లు రెండు. ఒకటి సముద్రతీరం వెంబడి, పొగమంచు తగిలే సన్నటి పట్టీలో పెరిగే కోస్ట్ రెడ్‌వుడ్. ఎత్తులో దీన్ని మించింది లేదు. రెండోది లోపలికి, సియెర్రా నెవాడా కొండల మీద పెరిగే జెయింట్ సెక్వోయా. ఎత్తు కాస్త తక్కువ, లావు మాత్రం విపరీతం. పాత ఫొటోల్లో గుర్రబ్బండి దూరుతూ కనిపించే చెట్టు సాధారణంగా ఈ రెండో రకం. యోసెమిటీలోని మారిపోసా గ్రోవ్‌లో వవోనా చెట్టుకి 1881లో దారి తొలిచారు. అప్పటికి కార్లే లేవు.

కలప వ్యాపారి కంటికి ఈ రెండూ ఒకటి కావు. సెక్వోయా కలప పెళుసు. నరికితే పడేటప్పుడే ముక్కలు ముక్కలైపోతుంది. కోస్ట్ రెడ్‌వుడ్ బంగారం. నిలువుగా చీలుతుంది, చెదపట్టదు, నీళ్ళలో నానినా తొందరగా కుళ్ళదు. శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్ళు, రైలు పట్టాల కింది స్లీపర్లు, నీళ్ళ ట్యాంకులు, ద్రాక్షతోటల గుంజలు, అన్నీ దీంతోనే. అందుకని సెక్వోయాలని పార్కులుగా ప్రకటించడానికి పెద్దగా అడ్డు రాలేదు. మారిపోసా గ్రోవ్‌ని 1864లోనే, లింకన్ కాలంలోనే, ప్రజల ఆస్తిగా పక్కన పెట్టేశారు. తీరంలో చెట్లకి ఆ అదృష్టం పట్టలేదు.

తీరంలో జరిగింది వింటే మనకి కొత్తగా అనిపించదు. 1878లో వచ్చిన ఒక చట్టం ప్రకారం మనిషికి 160 ఎకరాల అటవీభూమి ఎకరం రెండున్నర డాలర్లకి కొనుక్కోవచ్చు, సొంత అవసరానికైతేనే. కంపెనీలు చేసింది శుద్ధ బినామీ పని. యురేకా రేవులో దిగిన నావికుల్ని, దారినపోయేవాళ్ళని పట్టుకొచ్చి, చేతిలో ఇన్ని డాలర్లు పెట్టి దరఖాస్తు మీద సంతకం పెట్టించడం, ఆ వెంటనే భూమిని తమ పేరుకి రాయించుకోవడం. అలా ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి తీరం వెంట రెడ్‌వుడ్ భూమి దాదాపు అంతా ప్రైవేటు చేతుల్లోకి పోయింది.

కథలో అసలు ముడి ఇక్కడే పడింది. చెట్లు ప్రభుత్వానివైతే ఒక ఉత్తర్వుతో పని అయిపోయేది. ఇవి కంపెనీలవి. కాపాడాలంటే మార్కెట్ ధర చెల్లించి వెనక్కి కొనుక్కోవాలి. కొనాలంటే డబ్బున్నవాళ్ళ మనసు కరగాలి. మనసు కరగాలంటే వాళ్ళు ముందు ఆ చెట్లని కళ్ళారా చూడాలి. చూడాలంటే అక్కడిదాకా చేరాలి. చేరడమే గగనం.

శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న రెండు తోపులది వేరే సంగతి. దక్షిణాన బిగ్ బేసిన్ 1902లో స్టేట్ పార్కు అయింది. ఉత్తరాన మ్యూర్ వుడ్స్‌ని విలియం కెంట్ అనే ఆసామి తన డబ్బుతో కొని ప్రభుత్వానికి రాసిచ్చేస్తే, 1908 జనవరిలో జాతీయ స్మారకం అయింది. ఇవి ఊరికి దగ్గర, జనం రైల్లో పోయి చూసొచ్చేవాళ్ళు. అసలైన మహారణ్యం ఉన్నది మాత్రం ఇంకో రెండు వందల మైళ్ళు పైన, హంబోల్ట్ కౌంటీలో. అక్కడికి ఎక్కువగా ఓడ మీదే పోయేవాళ్ళు. రైలు 1914లో గానీ రాలేదు. రైలెక్కినా కిటికీలోంచి చూడ్డమే తప్ప నచ్చిన చెట్టు దగ్గర దిగి కాసేపు కూర్చునే వీలుండదు.

రోడ్డు ఎటు పోయింది, ఎందుకు

కాలిఫోర్నియా 1910లో కోటీ ఎనభై లక్షల డాలర్ల బాండ్లకి ఓటేసి రాష్ట్రమంతా రోడ్లు వేయడం మొదలుపెట్టింది. అందులో ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం నుంచి యురేకా మీదుగా పైకి పోయే రోడ్డు. రెడ్‌వుడ్ హైవే అనే పేరు దీనికే స్థిరపడింది. ఇప్పటి 101 హైవే ఇదే. కొండల్లో కష్టమైన చోట్ల ఖైదీల శిబిరాలు పెట్టి వాళ్ళ చేత కొండ తవ్వించారు.

ఈల్ నది దక్షిణ పాయ దగ్గర రోడ్డు నది వెంటే నడిచింది. ఇంజనీరు లెక్క సులువు. కొండవాలు కన్నా నది ఒడ్డున చదును నేల మేలు. చెట్టు లెక్క కూడా అదే కావడమే విశేషం. వరద వచ్చినప్పుడల్లా నది ఒడ్డున ఒండ్రు పోస్తుంది. మామూలు చెట్టయితే మొదట్లో అడుగుల లోతు మట్టి పడితే ఊపిరాడక చస్తుంది. కోస్ట్ రెడ్‌వుడ్ మాత్రం కొత్త మట్టిలోకి కొత్త వేళ్ళు వేసుకుని, ఇంకో మెట్టు ఎక్కినట్టు పైకి లేస్తుంది. అలా వందల ఏళ్ళ వరదల మీద పెరిగిన అతి పెద్ద చెట్లు చాలావరకు ఆ ఒండ్రు పలకల మీదే ఉన్నాయి. రోడ్డుకి అనువైన చోటు, చెట్టుకి అనువైన చోటు ఒకటే అయ్యాయి. అందువల్ల హైవే వెళ్ళి వెళ్ళి ఆ అడవిలోకెల్లా గొప్ప తోపుల మధ్య పడింది.

రోడ్డు పడటంతో యాత్రికుల కంటే ముందు గొడ్డళ్ళు దిగాయి. అంతవరకు రెడ్‌వుడ్ నరకడం పెద్ద కంపెనీల పని. రైలుమార్గం కావాలి, మిల్లు కావాలి. గుంజలు, పెంకుల్లా పరిచే చెక్కలు, స్లీపర్లు చీల్చడానికి మాత్రం అవేమీ అక్కర్లేదు. నలుగురు మనుషులు, రంపం, మేకులు, ఒక లారీ ఉంటే చాలు, చెట్టు పడినచోటే చీల్చి ఎక్కించుకుపోవచ్చు. కనుక రోడ్డు పక్క చెట్లే ముందు పడ్డాయి. మహావృక్షాల్ని చూద్దామని కారేసుకొచ్చినవాడికి పక్కనే పచ్చి మొద్దులు, చెక్కపొట్టు, గుట్టలుగా పేర్చిన ద్రాక్ష గుంజలు కనిపించేవి.

1917 వేసవిలో ఈ దారిన కారులో వెళ్ళినవాళ్ళలో ముగ్గురు పెద్దమనుషులున్నారు. న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియం అధ్యక్షుడు హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్, న్యూయార్క్ జంతు పరిశోధన సంఘానికి చెందిన మాడిసన్ గ్రాంట్, బర్కిలీలో శిలాజాల ప్రొఫెసర్ జాన్ మెరియమ్. హంబోల్ట్‌లోని బుల్ క్రీక్ అనే వాగు దగ్గర తోపుల్లో నడిచారు. దారి పక్క నరుకుడూ చూశారు. మరుసటి ఏడు సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్ పుట్టింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. మాడిసన్ గ్రాంట్ అప్పటి అమెరికాలో జాతి ఆధిక్యవాదానికి పెద్ద గొంతు. ఐరోపా ఉత్తరాది తెల్లజాతి అంతరించిపోతోందని పుస్తకం రాసి, వలసలు ఆపించడానికి పోరాడిన మనిషి. ఆస్బర్న్ ఆయనకి వంత పాడినవాడే. వాళ్ళ దృష్టిలో రెడ్‌వుడ్ కూడా ఒక "పాత ఉన్నత జాతి". అడవిని కాపాడాలన్న కోరిక దానికదే మంచితనానికి గుర్తేమీ కాదని ఈ ఉదాహరణ చూసినప్పుడల్లా అనిపిస్తుంది. ఆ అడవిలో అంతకుముందు తరతరాలుగా బతికిన సింక్యోన్, వియోట్, యూరోక్ ప్రజలని ఊచకోతలతో, తరిమివేతలతో ఖాళీ చేయించి అప్పటికి అరవై ఏళ్ళు కూడా కాలేదు. మనిషి అడుగు పడని ఆదిమ అరణ్యం అని కారువాళ్ళకి చెప్పిన మాట వెనక ఈ ఖాళీ ఉంది. 2020లో లీగే తన స్థాపకుల గతాన్ని బాహాటంగా ఒప్పుకుంది. 2022లో 523 ఎకరాల రెడ్‌వుడ్ అడవిని సింక్యోన్ తెగల మండలికి తిరిగి అప్పగించింది.

దుంగలో కాపురం

అదే 1917లో ఇంకో మనిషి ఇదే గొడవ మీద అమెరికా రోడ్లెక్కాడు. ఆయన పేరు చార్లెస్ కెలాగ్. నాటకశాలల్లో పక్షుల కూతలు కూసి పేరు తెచ్చుకున్న కళాకారుడు. కాలిఫోర్నియాకి దూరంగా ఉండేవాళ్ళకి రెడ్‌వుడ్ ఎంతుంటుందో చెప్తే నమ్మరు, ఫొటో చూపిస్తే అర్థం కాదు. మరెలా? ఆయనకి తట్టిన ఉపాయం: చెట్టునే వాళ్ళ వీధికి తీసుకుపోదాం. పడిపోయిన రెడ్‌వుడ్ దుంగ ముక్కని తీసుకుని, లోపల డొల్ల చేసి, అందులో పడక, వంటకి చోటు, సామాను అరలు అమర్చి, పక్కల్లో కిటికీలు కోసి, నాష్ క్వాడ్ లారీ చట్రం మీద ఎక్కించాడు. ట్రావెల్ లాగ్ అని పేరు పెట్టాడు. బయట్నుంచి చూస్తే దుంగ రోడ్డు మీద తనంతట తానే పోతున్నట్టు ఉంటుంది. ఊరూరా ఆగి, జనం గుమిగూడగానే ఈ చెట్లని నరికేస్తున్నారు, చూడండి అని చెప్పేవాడు. ఆ బండి ఇప్పుడు హంబోల్ట్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కు సందర్శకుల కేంద్రంలో ఉంది. నేటి క్యాంపర్ వ్యాన్లకి తాతముత్తాత అనుకోవచ్చు.

లీగ్ వాళ్ళు పద్ధతిగా పోయారు. 1919 ఆగస్టులో జాతీయ పార్కుల శాఖ అధిపతి స్టీఫెన్ మాథర్ యురేకా సభలో లేచి తన జేబులోంచి 15,000 డాలర్లు ఇస్తానన్నాడు. మ్యూర్ వుడ్స్ దానం చేసిన కెంట్ ఇంకో 15,000 అన్నాడు. కౌంటీ కూడా తన వంతు వేసింది. అదే ఏడు యురేకా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు సొంతంగా మహిళా సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్ పెట్టుకున్నారు. కారుకి బ్యానర్ కట్టి దాని చుట్టూ టోపీలు పెట్టుకుని నిలబడ్డ వాళ్ళ ఫొటో ఒకటుంది. నా లెక్కలో ఈ ఉద్యమానికి అసలు ముఖం అదే. న్యూయార్క్ పెద్దలు అప్పుడప్పుడు వచ్చి చూసిపోయేవాళ్ళు, వీళ్ళు ఇక్కడే ఉండేవాళ్ళు. 1924 నవంబరులో డయర్‌విల్ దగ్గర చదునులో పసిఫిక్ లంబర్ కంపెనీ చడీచప్పుడు లేకుండా నరకడం మొదలుపెట్టినప్పుడు, ఆ సంగతి కనిపెట్టి గోల చేసింది మహిళా లీగ్ అధ్యక్షురాలు లారా మాహన్, ఆమె భర్త జేమ్స్. ఆ చోటు ఇప్పుడు పార్కులో ఉంది, వాళ్ళ పేరుతో ఒక ఫలకం కూడా.

రోడ్డుకి ఎదురుగా ఉన్నదే సరుకు

లీగ్‌కి 1919లో కార్యదర్శిగా వచ్చిన న్యూటన్ డ్రూరీ ప్రకటనల ఏజెన్సీ నడిపినవాడు. కొనేవాడెవడో, వాడు ఎక్కడ కూర్చుని చూస్తాడో తెలుసుకోవడం ఆ వృత్తిలో మొదటి పాఠం. ఇక్కడ చూసేవాడు కారు సీట్లో కూర్చున్నాడు. కాబట్టి డబ్బు తక్కువున్నప్పుడు ముందు కొనాల్సింది రోడ్డుకి అటూ ఇటూ ఉన్న పట్టీ. 1921లో రాష్ట్ర శాసనసభ మంజూరు చేసిన 3 లక్షల డాలర్లు కూడా హైవే పక్క చెట్లు కొనడానికే.

దాతల కోసం లీగ్ పట్టుకున్న ఉపాయం మన గుళ్ళల్లో చూసేదే. ఫ్యాన్ రెక్కల మీద, గోడ పలకల మీద దాతల పేర్లు రాయించినట్టు, తోపుకి దాత పేరో, వాళ్ళు కోరిన మనిషి పేరో పెట్టడం. మొదటిది 1921లో, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన కల్నల్ బోలింగ్ పేరు మీద. అక్కణ్నుంచి తోపుల పేర్లు వందల్లోకి పోయాయి. చదవడానికి వీలుగా బోర్డులు చాలావరకు రోడ్డు వైపే.

అన్నిటికన్నా పెద్ద చేప 1926లో పడింది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ కుటుంబంతో సహా వస్తే, బుల్ క్రీక్ చెట్ల కింద మధ్యాహ్న భోజనం పెట్టారు. ఏమీ అడగకుండా ఊరికే కూర్చోబెట్టారని చెప్తారు. అడగక్కర్లేదు కూడా, చెట్లే అడిగాయి. మొదట పేరు చెప్పకుండా 10 లక్షలు, తర్వాత ఇంకో 10 లక్షల డాలర్లు ఇచ్చాడాయన. 1928లో రాష్ట్ర ప్రజలు పార్కుల కోసం 60 లక్షల డాలర్ల బాండ్లకి దాదాపు నలుగురిలో ముగ్గురు చొప్పున ఓటేశారు. ఈ రెండూ కలిసి 1931లో పసిఫిక్ లంబర్ దగ్గర బుల్ క్రీక్ అడవి కొన్నారు. రాక్‌ఫెల్లర్ ఫారెస్ట్ అంటే అదే. ఎకరం రెండున్నర డాలర్లకి బినామీల చేతుల్లోకి పోయిన తీరప్రాంతపు అడవిని, యాభై ఏళ్ళ తర్వాత ఎకరానికి వందల డాలర్లు పోసి జనం వెనక్కి కొనుక్కున్నారన్న మాట.

ఇంతమంది ఓటేయడం వెనక ఫోర్డ్ మోడల్-టి ఉంది. 1908లో 850 డాలర్లున్న బండి 1925కి 260కి దిగింది. రైతు, గుమాస్తా, బడిపంతులు, అందరికీ కారొచ్చింది. సెలవులకి హోటల్ ఖర్చు లేకుండా కారు పక్కకే గుడారం కట్టుకుని, డబ్బా ఆహారం వేడిచేసుకు తిని పడుకునేవాళ్ళు. ఈ బండ్లతో కొండలెక్కడం కూడా ఒక విద్య. మోడల్-టిలో పెట్రోలు పంపు ఉండదు. సీటు కింది ట్యాంకులోంచి ఇంధనం తనంతట తానే ఇంజనులోకి పారాలి. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను పైకి, ట్యాంకు కిందకి అయి పెట్రోలు అందదు, బండి ఆగిపోతుంది. అందుకని నిటారు ఎత్తు వస్తే బండి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవాళ్ళు. రేడియేటరు మరిగిపోతే పోయడానికి నీళ్ళు వెంట ఉండాల్సిందే. ఇన్ని తిప్పలు పడి కొండ దిగిన కుటుంబానికి రెడ్‌వుడ్ నీడ ఎలా ఉండేదో మే నెలలో ఘాట్ రోడ్డు ఎక్కి దిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

వ్యాపారులు ఊరుకుంటారా? హైవే మీది కౌంటీలన్నీ కలిసి రెడ్‌వుడ్ ఎంపైర్ అసోసియేషన్ పేరుతో ప్రచారం మొదలుపెట్టాయి. 1926లో గార్బర్‌విల్ పక్కన బెన్‌బో ఇన్ తెరిచారు. 1927లో అసోసియేషన్ ఒక విచిత్రమైన పందెం పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ వరకు 480 మైళ్ళు, పరిగెత్తేది ఆదివాసీలు, చూసి చప్పట్లు కొట్టేది కార్లలో జనం. కారుక్ తెగకి చెందిన జాన్ సదర్డ్ ఏడున్నర రోజుల్లో ముగించి గెలిచాడు. పోస్టర్లలో ఆయన పేరు "మ్యాడ్ బుల్". మోటారు రోడ్డుకి ప్రచారం చేయడానికి, ఆ నేలమీంచి తరిమిన జనాన్నే కాళ్ళు బొబ్బలెక్కేదాకా పరిగెత్తించారు. ఇంతకన్నా వ్యాఖ్యానం అనవసరం.

షాండెలియర్ చెట్టు కంత ఈ ఊపులోదే. వవోనా చెట్టు ఫొటోలు చూసి వచ్చినవాళ్ళు "మా కారు దూరే చెట్టేదీ?" అని అడుగుతారు. అది 101 హైవే మీద లేదు, ఎక్కడో సియెర్రా కొండల్లో ఉంది. అయితే ఇక్కడా ఒకటి తొలుద్దాం అనుకున్నారు. చెట్టు ప్రాణం బెరడు కిందే ఉంటుంది కాబట్టి నడుమ తొలిచినా వెంటనే చావదు. బలం మాత్రం తగ్గుతుంది. వవోనా చెట్టు 1969లో మంచు బరువుకి కూలింది. కాలవెరాస్‌లో ఇలాగే కంత ఉన్న పయనీర్ క్యాబిన్ చెట్టు 2017 జనవరి తుఫానులో పడింది. సెక్వోయా పార్కులో మాత్రం 1937లో తనంతట తానే రోడ్డుకడ్డంగా పడ్డ చెట్టుకి మరుసటేడు దారి తొలిచారు. టనెల్ లాగ్ అంటారు దాన్ని. చచ్చిన చెట్టు కాబట్టి ఎవరికీ బాధ లేదు, కార్లు ఇప్పటికీ దూరుతున్నాయి.

పట్టీ వెనక ఏముంది

రోడ్డు పక్క పట్టీ కొనడంలో ఒక లోపం ఉంది. అది బయటపడటానికి ముప్పై ఏళ్ళు పట్టింది. కారులోంచి చూస్తే అడవి అనంతంగా కనిపిస్తుంది. నిజానికి చాలాచోట్ల పది నిమిషాలు లోపలికి నడిస్తే నరికిన కొండ మొదలయ్యేది. కంపెనీలకీ ఇది లాభసాటి బేరమే. కనబడే చెట్లు అమ్మేస్తే డబ్బు, మంచిపేరు రెండూ వస్తాయి, కనబడనివి ఎంత నరికినా అడిగేవాడుండడు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బుల్ క్రీక్ ఎగువ కొండల్ని ట్రాక్టర్లతో నరికేశారు. కొండ నేలకి పట్టు పోయింది. 1955 డిసెంబరు వరదలో ఆ మట్టీ రాళ్ళూ కొట్టుకొచ్చి వాగు పూడి, వాగు ఒడ్లని కోసుకుంటూ పోయి, రాక్‌ఫెల్లర్ డబ్బుతో కొన్న చెట్లని వందల కొద్దీ పడగొట్టింది. వరద మట్టి మీదే పెరిగిన చెట్లు వరదకే పడిపోయాయి. మెల్లగా ఒండ్రు పోసే వరద వేరు, నరికిన కొండమీంచి విరుచుకుపడే వరద వేరు. ఆ తర్వాత గానీ ఎగువ పరీవాహకమంతా కొనాలన్న జ్ఞానం రాలేదు. 1964లో ఇంకా పెద్ద వరద వచ్చి హైవే మీది చిన్న ఊళ్ళని తుడిచిపెట్టేసింది.

రెండో తలనొప్పి రోడ్డే. యాత్రికులు పెరిగారు, లారీలూ పెరిగాయి. రెడ్‌వుడ్‌కి తల్లివేరు ఉండదు. వేళ్ళు లోతుకి పోకుండా చుట్టూ వంద అడుగుల దాకా పరుచుకుంటాయి. పక్కనే నిలబడే కార్ల బరువుకి, రోడ్డు వెడల్పు కోసం వేసే మట్టికి ఆ వేళ్ళకి గాలీ నీరూ అందవు. 1960 నాటికి హంబోల్ట్ దగ్గర ఫ్రీవేని పక్కకి మళ్ళించి, పాత రోడ్డుని సుమారు 31 మైళ్ళు అలాగే వదిలేశారు. అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ అంటే ఆ పాత రోడ్డే. ఇంకా దక్షిణాన రిచర్డ్‌సన్ గ్రోవ్‌లో మాత్రం 101 ఇప్పటికీ చెట్ల మధ్యనుంచే, వంపులు తిరుగుతూ పోతుంది. పెద్ద లారీల కోసం దాన్ని కొంచెం సరిచేస్తామని 2007లో రవాణా శాఖ అన్నందుకు వేళ్ళు తెగుతాయంటూ కోర్టు కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి.

1968లో రెడ్‌వుడ్ నేషనల్ పార్కు వచ్చినప్పుడు కూడా పట్టీ బుద్ధి పోలేదు. రెడ్‌వుడ్ క్రీక్ వెంట అటూ ఇటూ పావు మైలు చొప్పున సన్నటి ముక్క కలిపారు. అక్కడివాళ్ళు దాన్ని "పురుగు" అని వెక్కిరించేవాళ్ళు. పైన కొండంతా నరుకుతుంటే కింద పురుగు ఎన్నాళ్ళు బతుకుతుంది? పార్కు పెంచాలని గొడవ మొదలైంది. పని పోతుందని 1977లో కలప కార్మికులు లారీల ఊరేగింపుగా వాషింగ్టన్ వెళ్ళారు. ఒక లారీ మీద రెడ్‌వుడ్ దుంగతో చెక్కిన పెద్ద వేరుశనగ కాయ ఉంది. అధ్యక్షుడు కార్టర్‌ది వేరుశనగ వ్యవసాయం మరి, ఆయనకి ఎత్తిపొడుపు. కెలాగ్ చెట్లని కాపాడమని లారీ మీద దుంగ తిప్పిన సరిగ్గా అరవై ఏళ్ళకి, ఇంకో దుంగ నరకనివ్వమంటూ లారీ ఎక్కింది. వైట్‌హౌస్ ఆ కాయని తీసుకోలేదు. 1978లో 48,000 ఎకరాలు కలిపారు. అందులో చాలాభాగం అప్పటికే నరికేసిన నేల.

హైపీరియన్ దొరికింది ఆ 1978లో కలిపిన భాగంలోనే. 2006లో ఇద్దరు చెట్ల ప్రేమికులు దారీ తెన్నూ లేని లోయలో వెతుక్కుంటూ పోయి కనిపెట్టారు. నది ఒడ్డు ఒండ్రు మీద కాదు, కొండవాలు మీద ఉంది. దానికి పెద్ద దూరంలో లేదు, నరుకుడు ఆగిన హద్దు. ఏ రోడ్డు మీంచీ అది కనిపించదు. ఎవరి పేరూ దానికి లేదు, ఏ తోపు బోర్డూ లేదు.

ఎక్కడుందో పార్కువాళ్ళు చెప్పలేదు. కానీ ఇంటర్నెట్లో ఆచూకీ బయటికొచ్చింది. జనం పొదలు తొక్కుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టారు. చుట్టూ ఫెర్న్ మొక్కలు నశించి, నేల గట్టిపడి, మొదలు దగ్గర చెత్త పేరుకుంది. 2022లో ఆ ప్రాంతాన్ని పూర్తిగా మూసేశారు. అటు వెళ్తే 5,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఇంతా చేసి దాని దగ్గర నిలబడి తలెత్తితే కొన కనబడదని పార్కు సిబ్బందే చెప్తారు. అంతకన్నా జనం కోసం వేసిన కాలిబాటల పక్కనున్న చెట్లే బాగా కనిపిస్తాయట.